వెనక్కి తిరిగితే ఒక మార్కు

జూన్ నెల సగం దాటాక తిరుపతి నుంచి పుత్తూరు వెళ్ళే బస్సులో కిటికీ పక్కన కూర్చుంటే, వడమాలపేట ఇంకా రాకముందే మామిడి గుజ్జు వాసన ముక్కుకు తగులుతుంది. మగ్గిన తోతాపురి కాయల వాసన ఒకటి, ఫ్యాక్టరీ వెనక పారబోసిన టెంకలు ఎండకు పులిసిన వాసన ఒకటి, రెండూ కలిసి బస్సంతా నిండుతాయి. పక్క సీటులో ఆమె కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుంటుంది. నాకు మాత్రం ఆ వాసన తగిలిన మరుక్షణం రెండు చేతులూ వాటంతటవే వీపు వెనక్కి పోబోతాయి. ఒడిలో బ్యాగు ఉంటుంది కాబట్టి ఆగిపోతాయి. పోయిన శనివారం ఆ బ్యాగులో మా విద్యార్థుల ఇంటర్నల్ మార్కుల కాగితాలు ఉన్నాయి. నేను తిరుపతిలో ఒక కాలేజీలో ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ పాఠం చెబుతాను. మార్కులు వేయడం అయ్యాక ఆ కాగితాలను మా ఊరికి ఎందుకు మోసుకుపోతానో చెప్పాలంటే, నా చేతులకు ఈ అలవాటు చేసిన కృష్ణవేణి మేడం గురించి చెప్పాలి.

తిరుపతిలో నేను ఎంసీఏ చదువుతున్నప్పుడు ఆవిడ మాకు ఇన్ఫర్మేషన్ సిస్టమ్స్ చెప్పేవారు. నూలు చీర మీద తెల్ల గుడ్డ బూట్లు వేసుకునేవారు. స్కూటీ దిగి నేరుగా క్లాసుకు వచ్చి, హెల్మెట్ తీసి బల్ల మీద పెట్టేవారు. ఆ హెల్మెట్ బల్ల మీద ఆనిన చప్పుడుకే వెనక బెంచీల వాళ్ళు ఫోన్లు జేబులో పెట్టేసేవాళ్ళు. పాఠమంతా శుభ్రమైన ఇంగ్లీషులో సాగేది. కానీ ఎవరి పనినైనా తూచి మాట చెప్పాల్సి వస్తే, చిత్తూరు దగ్గరి సొంత ఊరి మాట బయటికి వచ్చేది. అందుకే ఆవిడ నోట తెలుగు వినబడితే మాకు గుండెలు జారేవి. మిగతా సబ్జెక్టుల్లో మార్కులు ఎలా వస్తాయో మాకు బాగా తెలుసు. రికార్డుకు అట్ట బాగుండాలి, మార్జిన్లు గీయాలి, ముందు ఏడాది సీనియర్ల ప్రాజెక్టుకు పేరు మార్చాలి, వైవా నాడు సార్‌కు వినయంగా నమస్కారం పెట్టాలి. ఈ విద్యలో మేమందరం ఆరితేరినవాళ్ళమే.

మొదటి రోజు ఆవిడ పుస్తకం తెరవలేదు. "మీకు ఊహ తెలిసినప్పటి నుంచి మీరు వాడుతున్న ఇన్ఫర్మేషన్ సిస్టమ్ ఏది?" అని అడిగారు. ఒకరు రైలు రిజర్వేషన్ అన్నారు, ఒకరు ఏటీఎం అన్నారు. మా క్లాసులో అందరికంటే చురుకైన లోకేష్ "సెల్‌ఫోన్" అన్నాడు. ఆవిడ తల అడ్డంగా ఊపి, బోర్డు మీద 'మార్కు' అని రాశారు. మేం నవ్వాం. ఆవిడ నవ్వలేదు.

"ఎనభై అని రాసిచ్చినారు నీకు. దాంట్లో ఎవరికి ఏమి తెలిసింది?" అన్నారు లోకేష్‌ను చూస్తూ.

"బాగా చదివినానని తెలిసింది మేడం."

"ఏమి బాగా చదివినావు? ఏది రాదు నీకు? రేపు ఏమి చేస్తే అది వస్తాది? ఆ ఎనభైని సూసి మీ అమ్మ చెప్పగలదా?" లోకేష్ కిందికి చూశాడు. "చూసినవాళ్ళకు ఏమీ తెలియనీయనిది ఇన్ఫర్మేషన్ ఎట్లయితాదబ్బా? పదహారేండ్లుగా మీకు నంబర్లు ఇచ్చినారు గానీ సమాచారం ఇయ్యలేదు."

నేను బెంచీ మీద నిటారుగా కూర్చున్నాను. ఒకటో తరగతి నుంచి నేను కూడబెట్టుకున్నవన్నీ ఒక్కసారిగా తేలికైపోయినట్టు అనిపించింది. భయమూ వేసింది, గొప్పగానూ అనిపించింది. ఒక మనిషి మాటకు నోరు తెరుచుకొని ఉండిపోవడం నాకు అదే మొదలు.

తర్వాత తన పద్ధతి చెప్పారు. చివరి రాతపరీక్ష యూనివర్సిటీది, అందులో ఆవిడ చేసేదేమీ లేదు. ఇంటర్నల్ గ్రేడు మాత్రం ఆవిడ చేతిలోది. దానికి ప్రతి ఒక్కరూ ఒంటరిగా ఒక సిస్టమ్ తయారు చేయాలి. పరీక్ష రోజున దాన్ని నిజంగా వాడబోయే మనిషి వచ్చి కుర్చీలో కూర్చుంటారు. చేసినవాళ్ళు ఆ కుర్చీ వెనక, చేతులు వీపు వెనక కట్టుకొని, నోరు మూసుకొని నిలబడాలి. కూర్చున్న మనిషి ఏం చేయాలో తెలియక వెనక్కి తిరిగి చూసిన ప్రతిసారీ ఒక మార్కు పోతుంది. ఇంకో నియమం ఏమిటంటే, చివరి పనిదినం దాకా ఎవరు ఎన్నిసార్లైనా మళ్ళీ పరీక్ష పెట్టమనవచ్చు, కానీ చివరిసారి వచ్చిందే మార్కు. ముందు ఎక్కువ వచ్చి తర్వాత తగ్గితే తగ్గినదే నిలుస్తుంది. ఆ గ్రేడు కింద ఆవిడ ఒక మాట రాసిస్తారు, చదివినవాళ్ళకు ఆ విద్యార్థి సంగతి తెలిసేటట్టు. ఇదంతా చెప్పి, తన మార్కుల పట్టిక చూపించారు. అందరి పేర్లూ అయ్యాక ఆఖరి వరసలో 'కృష్ణవేణి' అని రాసి ఉంది. "ఇది కూడా సిస్టమే గదా. నాకూ మార్కులు పోతాయి," అన్నారు. హాస్యానికి అన్నారనుకున్నాం.

లోకేష్ చేయి ఎత్తాడు. "మేడం, కూర్చున్న మనిషి తెలివి తక్కువోడైతే మాకు మార్కులు పోతాయా?"

"ఆ మాట ఈ రూములో ఇంకోసారి వినబడకూడదు," అన్నారు ఆవిడ, గొంతు పెంచకుండా. "ఆయప్ప తెలివికి మార్కులేసే పని నాకెవరూ ఇయ్యలేదు. నీ తెలివికి ఇచ్చినారు."

ఆ పరీక్షలు చూడ్డానికి మా కాలేజీలో వేరే బ్రాంచీల పిల్లలు కూడా కిటికీల దగ్గర గుమిగూడేవాళ్ళు. మొదట నిలబడింది లోకేషే. హాస్టల్ పిల్లలు ఏ పూట మెస్సులో తింటారో, ఏ పూట తినరో ముందే చెప్పే సిస్టమ్ చేశాడు. రంగులు, కదిలే బొమ్మలు, తెర మీద ఆవిరి పోతున్న ఇడ్లీ. వాడబోయే మనిషి మా హాస్టల్ వార్డెన్ ఆంటీ. ఆవిడ కుర్చీలో కూర్చొని కళ్ళద్దాలు సర్దుకొని, ఇడ్లీని చూసి మురిసి, ఆ తర్వాత ఎక్కడ నొక్కాలో తెలియక వేలు గాల్లో పెట్టుకొని ఉండిపోయింది. లోకేష్ వెనక నిలబడి మెడ సాగదీసి, కళ్ళతో సైగలు చేసి, చివరికి ఆపుకోలేక "ఆంటీ, కింద కుడిపక్క!" అని అరిచేశాడు. క్లాసంతా గొల్లుమంది. మేడం పెన్ను తీసి "నోటికొకటి," అని రాసుకున్నారు. వార్డెన్ ఆంటీ బెదిరిపోయి వెనక్కి తిరిగింది. "మెడకొకటి," అని మళ్ళీ రాసుకున్నారు. లోకేష్‌కు ఆ రోజు సి వచ్చింది. వాడి మొహం చూసి మేమంతా నవ్వాం గానీ, ఆ సాయంత్రమే అందరం గుట్టుగా మా మా తెరలన్నీ మళ్ళీ తెరిచి చూసుకున్నాం. వాడు ఇడ్లీ తీసేసి మళ్ళీ పరీక్షకు వెళ్ళి, బి తెచ్చుకున్నాడు.

నేను ఎంచుకున్నది మా ఊరి సంగతి. మా ఊరు వడమాలపేట దగ్గర. మా నాయనకు తోతాపురి తోట ఉంది. సీజన్లో గుజ్జు ఫ్యాక్టరీ ముందు మామిడి ట్రాక్టర్లు రోడ్డు పొడవునా బారులు తీరి నిలబడతాయి. ముందు వచ్చిన బండికి ముందు టోకెన్. కాటా మీదికి ఎప్పుడు పిలుస్తారో తెలియక రైతులు బండి కిందే కూర్చొని, బండి కిందే తిని, ఎండకు కాయ మెత్తబడుతుంటే చూస్తూ ఉంటారు. చిన్నప్పుడు నాయనకు క్యారియర్ తీసుకుపోయి ఆ బారులో మా బండిని వెతుక్కోవడం నాకు బాగా గుర్తు. అందుకని గేటు దగ్గర టోకెన్ ఎక్కిస్తే రైతు ఫోనుకు వరస నంబరు, సమయం మెసేజిగా పోయే సిస్టమ్ చేశాను. ఫ్యాక్టరీ గేటులో కూర్చునే దిలీప్ అనే అబ్బాయి కాలేజీకి వచ్చి దాన్ని వాడి చూపించాడు. అతను కంప్యూటర్ నేర్చినవాడు. టకటకా టోకెన్లు ఎక్కించాడు. ఒక్కసారి కూడా వెనక్కి తిరగలేదు. నాకు ఎ వచ్చింది. ఆ వారంలోనే సూళ్లూరుపేట వైపు పారిశ్రామికవాడలో ఒక కంపెనీ వాళ్ళు మా కాలేజీకి వచ్చి నన్ను ఉద్యోగానికి ఎంపిక చేశారు. ఒక్కటే షరతు, ఏ సబ్జెక్టు ఇంటర్నల్స్‌లోనూ బి కంటే తక్కువ ఉండకూడదు. మా ఇంట్లో నెల జీతం తెచ్చినవాళ్ళు అప్పటికి ఎవరూ లేరు. నాయన తోటలో కాయ కోసే కూలీలకు కూడా ఈ సంగతి చెప్పేశాడు.

ఆ ఏడు సెమిస్టరు వెనక్కి జరిగి జూలై దాకా సాగింది. సీజను మొదలవగానే ఫ్యాక్టరీ వాళ్ళు నా సిస్టమ్‌ను ప్రయోగంగా గేటులో పెట్టారు. నేను ఎగురుకుంటూ ఊరికి వెళ్ళి, నాయనతో పాటు ట్రాక్టరెక్కి ఫ్యాక్టరీకి పోయాను. అందరూ నన్ను మెచ్చుకుంటారని, సిగ్గుపడడం ఎలాగో కూడా దారిలో సాధన చేసుకున్నాను. గేటులో టోకెన్ తీసుకున్నాం. నాయన ఫోను టింగుమంది. తీసి, దూరంగా పట్టుకొని, దగ్గరగా పట్టుకొని చూశాడు. దాని నిండా ఇంగ్లీషు పొడి అక్షరాలు, అంకెలు. కాలేజీలో దిలీప్‌కు చూపించిన తెర మీద అవి ఎంత అందంగా కనబడ్డాయో! నాయన నెమ్మదిగా వెనక్కి తిరిగి, బండి మీద నిలబడి ఉన్న నా వైపు ఫోను తిప్పి పట్టాడు.

"ఇదేమి పాపా? ఏమంటాది ఇది?"

నా చేతులు వీపు వెనక్కి పోయాయి. అక్కడ మేడం లేరు, మార్కుల పట్టికా లేదు. కానీ మా ముందు బండి రైతు కూడా ఫోను పట్టుకొని పక్క బండి వైపు తిరిగాడు, ఆ పక్క బండి మనిషి గేటు వైపు తిరిగాడు. బారు పొడవునా మెడలు తిరుగుతూనే ఉన్నాయి. దిలీప్ గేటులో హాయిగా ఉన్నాడు. వేచి ఉండేది దిలీప్ కాదు కదా అన్న సంగతి అప్పుడు తట్టింది. నా సిస్టమ్ ముందు సరికాని మనిషిని కూర్చోబెట్టి ఎ తెచ్చుకున్నాను.

మర్నాడు ఆదివారమంతా నాకు అన్నం సయించలేదు. ఎవరికీ తెలియదు, ఎవరూ అడగరు. చేతిలో ఎ ఉంది, ఉద్యోగం ఉంది. అయినా సోమవారం పొద్దున మేడం గది ముందు నిలబడ్డాను. ఎందుకని అడిగితే ఇప్పటికీ పెద్ద కారణం చెప్పలేను. ఆవిడ ముందు అబద్ధం లాంటిది పట్టుకొని తిరగడానికి మనసొప్పలేదు, అంతే. జరిగింది చెప్పాను. ఆవిడ మధ్యలో మాట్లాడకుండా విన్నారు.

"నువ్వు చెప్పకపోతే నాకు తెలిసేది గాదు," అన్నారు చివరికి. "మళ్ళీ పరీక్ష పెట్టమని అడగతాండావా?"

"అవును మేడం. మెసేజి తెలుగులోకి మార్చినాను."

"చివరి మార్కే మార్కు. ఉద్యోగం సంగతి గుర్తుండాదా?"

"ఉండాది మేడం."

ఆవిడ నన్ను ఒకసారి తేరిపార చూసి, "అయితే లాబులో కాదు, బారులో పెడదాం," అన్నారు. మర్నాడే స్కూటీ మీద మా ఊరి ఫ్యాక్టరీకి వచ్చారు. తెల్ల బూట్లు మామిడి రసంలో పడి పసుపుపచ్చగా అయిపోయాయి. బారులో ఉన్న చెంగమ్మ అనే రైతును అడిగి, ఆమెనే పరీక్షకు ఎంచుకున్నారు. ఆమె తమ్ముడితో కలిసి బండి తెచ్చింది. నేను ఆమె వెనక చేతులు కట్టుకొని నిలబడ్డాను. ఫోను మోగింది. 'మీ ముందు ఇరవై బండ్లు ఉన్నాయి' అని తెలుగులో వచ్చింది. చెంగమ్మ కూడబలుక్కుంటూ చదివింది. నా ఊపిరి కాస్త తేలికపడింది. అంతలో ఆమె వెనక్కి తిరిగింది.

"ఇరవై బండ్లంటే ఎంతసేపమ్మా? ఇంటికాడ ముసలామె ఉండాది, అన్నం పెట్టల్ల. పోయి రావచ్చునా, రాకూడదా? అది చెప్పు."

నోరు మూసుకొని నిలబడ్డాను. ఆమె మళ్ళీ అడిగింది. మళ్ళీ ఫోను చూసుకుంది, మళ్ళీ తిరిగింది. కాస్త కోపంగా మేడం వైపు కూడా తిరిగింది. మేడం అన్నీ రాసుకున్నారు. సి. నాకు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. ఆవిడ ఓదార్చలేదు. రోడ్డు పక్కన చెంగమ్మ బండి నీడలో కూలబడి, "మీ ఇల్లు ఎంత దూరం? పోయి వచ్చేదానికి ఎంతసేపు పడతాది? నిన్న ఏమి చేసినావు?" అని ఆమెతో మాటలు పెట్టుకొని, ఆమె బండి కాటా ఎక్కేదాకా అక్కడే ఉన్నారు. ఒక గ్రేడు వేయడానికి ఒక మనిషి అంతసేపు ఎండలో కూర్చోవడం నేను అంతకు ముందు చూడలేదు, ఆ తర్వాతా చూడలేదు. ఏడుపు మధ్యలోనే ఆవిడను చూసి అబ్బురపడ్డాను.

కంపెనీ వాళ్ళకు గ్రేడులు పంపే గడువు ఆ వారమే. మళ్ళీ పరీక్షకు తయారు కావడానికి నాకు ఇంకొన్నాళ్ళు పడుతుంది. గడువు ముందు ఆవిడ ఏదైనా దారి చూస్తారేమోనని లోపల ఆశ పడ్డాను. పిలిచి నా ముందే ఫారం నింపారు. "ఈ రోజుకు నీ మార్కు సి. రేపటి మార్కు నాకు తెలియదు, తెలియనిదాన్ని రాయలేను," అన్నారు. తర్వాత పెన్ను కింద పెట్టి, "నాకు బాధ లేదనుకోవద్దు హేమా," అన్నారు. ఆ ఫారంలో ఒక్క అక్షరానికే గడి ఉంది, వాక్యానికి చోటు లేదు. ఆవిడ గడి బయట, పక్క అంచులో చిన్న అక్షరాలతో నా గురించి ఒక మాట రాశారు. కంపెనీ వాళ్ళు దాన్ని చదివారో లేదో తెలియదు. నా పేరు మాత్రం తీసేశారు. ఆ రాత్రి నాకు ఆవిడ మీద పట్టరాని కోపం వచ్చింది. ఆ కోపంలో కూడా ఆవిడ తప్పు చేశారని మాత్రం అనలేకపోయాను.

నాయన అనగలిగాడు. సంగతి తెలిసి మండిపడ్డాడు. "ఉండే మార్కును ఎవురైనా పోయి పోగొట్టుకొని వస్తారా? నీకు బుద్ధి లేదు సరే, ఆ మేడానికైనా ఉండల్ల గదా!" అంటూ కాయ కోత మధ్యలో వదిలేసి తిరుపతి బస్సెక్కాడు. నేను వెనకాలే పరిగెత్తాను. మేడం గదిలోకి వెళ్ళి నమస్కారం కూడా పెట్టకుండా అడిగేశాడు.

"ఏమి మేడం, మా బిడ్డ ఏమి తప్పు చేసిందని దాని నోటికాడ కూడు తీసేస్తిరి?"

మేడం లేచి తన కుర్చీ చూపించారు. "కూర్చోండన్నా. ఈ కాగితం ఒకసారి సదవండి. ఆ పాప గురించి నేను రాసింది," అని నా గ్రేడు కాగితం ఆయన చేతిలో పెట్టారు. నాయన పదో తరగతి దాకా చదివాడు. కాగితంలో సి అనే అక్షరం, దాని కింద ఇలా ఉంది: 'వినియోగదారు నిర్ణయానికి అవసరమైన సమాచారాన్ని వ్యవస్థ అందించలేకపోయింది. లోపాన్ని స్వయంగా గుర్తించిన తీరు ప్రశంసనీయం.' నాయన పెదవులు కదుపుతూ చదివాడు. మళ్ళీ చదివాడు. అప్పుడు నేను మేడం వైపు చూశాను. ఆవిడ ఆ కుర్చీ వెనక నిలబడి ఉన్నారు. రెండు చేతులూ వీపు వెనక కట్టుకొని, నోరు మూసుకొని.

నాయన వెనక్కి తిరిగాడు. కోపం పోయి, మొహంలో బెరుకు వచ్చింది. "దీనికి అర్థమేమి మేడం? మా పాప పనికొస్తాదనా, పనికిరాదనా?"

మేడం మొహం ఎర్రబడింది. ఎంత పెద్ద సభలోనైనా తడబడని మనిషి. "తప్పు నాదన్నా. మీకు తెలియకుండా రాసినాను," అని ఆ కాగితం వెనక్కి తీసుకున్నారు. మార్కుల పట్టిక తెరిచి, ఆఖరి వరసలో తన పేరు ఎదురుగా ఒక మార్కు కొట్టేశారు. మొదటి రోజు మేం హాస్యమనుకున్నది నిజంగా జరుగుతోందని అప్పుడు తెలిసింది. ఆ వరసలో అప్పటికే చాలా కొట్టివేతలు ఉన్నాయి. తర్వాత నిలబడే, ఇంకో కాగితం మీద మళ్ళీ రాశారు: 'మీ పాప పని సగం అయింది. బండ్లు ఎన్ని ఉన్నాయో చెబుతుంది గానీ, ఇంటికి పోయి రావచ్చునా అంటే చెప్పలేదు. తన పని రైతులకు అర్థం కాలేదని ఎవరూ అనకముందే తనే వచ్చి నాకు చెప్పింది, మార్కు పోతుందని తెలిసి కూడా. మిగిలిన సగం చేయగలదు.' ఇచ్చి, మళ్ళీ కుర్చీ వెనక్కి వెళ్ళి చేతులు కట్టుకున్నారు.

నాయన చదివాడు. ఈసారి పెదవులు కదపడం మధ్యలో ఆపేశాడు. వెనక్కి తిరగలేదు. తల ఎత్తి, ఎదురుగా గోడకు ఆనుకొని నిలబడిన నన్ను చూశాడు.

"మిగతా సగం ఎప్పుడు చేస్తావు?" అన్నాడు.

అంతే అడిగాడు. నన్ను చదివించినన్నాళ్ళలో నాయన నా చదువు గురించి అడిగిన మొదటి ప్రశ్న అదే. అంతకు ముందు ఎన్ని మార్కులని తప్ప ఏదీ అడగలేదు. అడగడానికి ఆయనకు ఎవరైనా ఏమైనా తెలియనిస్తే కదా.

చివరి పనిదినానికి ముందు మళ్ళీ బారులో పరీక్ష జరిగింది. మళ్ళీ చెంగమ్మే. ఆమెకిది మరో లోడు. ఈసారి ఆమె ఫోనుకు మెసేజి రాలేదు, కాల్ వచ్చింది. మా ఊరి మాటలో నేనే గొంతు రికార్డు చేశాను. కాటా దగ్గర ఒక్కో బండికి ఎంతసేపు పడుతోందో చూసుకొని, మనిషి ఊరి దూరం చూసుకొని, సిస్టమ్ ఈ రెండు మాటల్లో ఏదో ఒకటి చెబుతుంది: ఇంటికి పోయి రావచ్చు, లేకపోతే ఈడనే ఉండండి. చెంగమ్మ ఫోను చెవికి ఆనించింది. వెనక నోరు మూసుకొని నిలబడిన నాకు, ఆమె చెవిలోంచి నా గొంతే సన్నగా వినబడింది. ఆమె నుదురు ముడిపడింది. మెడ కొంచెం కదిలింది. నా వేళ్ళు ఒకదాన్నొకటి నలిపేసుకుంటున్నాయి. ఆమె ఫోను నడుము దగ్గర దోపుకొని, "రేయ్, బండి సూసుకుంటా ఉండు. పిలిస్తే వస్తా," అని తమ్ముడికి చెప్పి, చెప్పులు వేసుకొని రోడ్డు దాటింది. వెళ్ళిపోయింది. ఎవరి వైపూ తిరగలేదు. అంతటి పని చేసిన నేను అక్కడ ఉన్నట్టే ఆమెకు గుర్తు లేదు. అంతకు మించిన సంతోషం నాకు ఇంతవరకూ కలగలేదు.

మేడం వైపు చూశాను. ఆవిడ కూడా చేతులు వెనక కట్టుకొని, చెంగమ్మ వీపు తోపు మలుపు తిరిగి కనబడకుండా పోయేదాకా చూస్తూ నిలబడ్డారు. పెన్ను తీయలేదు. తీయాల్సిన పని లేదు. ఎ వచ్చింది. సూళ్లూరుపేట ఉద్యోగం మాత్రం తిరిగి రాలేదు. కొన్నాళ్ళు మా వైపు ఫ్యాక్టరీల టోకెన్ల పనే చేసి, ఆ తర్వాత పాఠాలు చెప్పడానికి వచ్చాను. నష్టమైందా అని ఎవరైనా అడిగితే అయిందనే చెబుతాను. ఆ జీతం వచ్చి ఉంటే మా ఇల్లు ఇంకాస్త త్వరగా తెప్పరిల్లేది. కానీ ఆ సి ఎందుకు వచ్చిందో, ఆ ఎ ఎందుకు వచ్చిందో నాకు తెలుసు, మా నాయనకూ తెలుసు. నా దగ్గర ఉన్న సర్టిఫికెట్లలో ఆ మాట ఇంక దేని గురించీ చెప్పలేను.

ఇప్పుడు బస్సు సంగతికి వస్తాను. సెమిస్టరు చివర మా విద్యార్థుల గ్రేడు కాగితాలు పేర్లు తీసేసి ఊరికి తీసుకుపోతాను. ఒక్కొక్కరి గ్రేడు కింద నేను రాసిన మాటను నాయన చదువుతాడు. నేను ఆయన కుర్చీ వెనక నిలబడతాను. అర్థం కాక తిరిగితే ఆ కాగితం మళ్ళీ రాస్తాను. నా పట్టికలోనూ ఆఖరి వరసలో నా పేరు ఉంది. పోయిన శనివారం ఆయన వరసగా చదువుతూ పోయాడు, ఒక్కసారి కూడా తిరగలేదు. నాకు లోపల కొంచెం గర్వం మొదలైంది. ఒక కాగితం దగ్గర ఆగాడు. ఒక అబ్బాయి బస్టాండులో చూపులేనివాళ్ళకు బస్సు వచ్చిన సంగతి చెప్పే సిస్టమ్ చేశాడు. ఎంత పనిచేసింది, ఎక్కడ ఆగింది, అతను ఎన్నిసార్లు మళ్ళీ వచ్చాడు అని రాశాను. నాయన దాన్ని రెండోసారి చదివి, మెల్లగా వెనక్కి తిరిగాడు. నేను నియమం ప్రకారం నోరు మూసుకున్నాను.

"ఈ పిల్లోడు యాడుండాడు పాపా? ఒకసారి ఇంటికి పిల్సకరా, సూడల్లనిపిస్తా ఉండాది," అన్నాడు.

ఆ సాయంత్రం మేడానికి ఫోన్ చేశాను. రిటైరై చిత్తూరులో చెల్లెలి ఇంట్లో ఉంటున్నారు. గొంతు సన్నబడింది గానీ పదును తగ్గలేదు. నాయన తిరిగిన సంగతి, ఎందుకు తిరిగాడో ఆ సంగతి చెప్పాను.

"మేడం, ఇది అర్థంగాక తిరగడం గాదు గదా. ఈ మార్కు పోవల్లనా?" అన్నాను.

"తిరిగినాడా, లేదా?"

"తిరిగినాడు."

"అయితే ఏమి అడగతాండావు? కొట్టెయ్," అన్నారు. అని, ఫోను పెట్టేయకుండా, నేను కొట్టేసేదాకా ఆగారు.